పొట్ట చిన్నదయ్యాక అన్నం ముద్ద

నేను డైటీషియన్‌గా పనిచేశాను. ఆసుపత్రిలో ఏ రోగి ఏం తినాలో, ఎంత తినాలో చెప్పడం నా పని. నరసరావుపేటలో మా ఆసుపత్రికి వచ్చేవాళ్లలో సగం మంది నన్ను క్యాంటీన్ చూసుకునే మనిషి అనుకునేవాళ్లు. తెల్లకోటు వేసుకుని మంచం దగ్గరకు వెళ్తే, "అమ్మా, సాంబారు నీళ్లనీళ్లగా ఉంది, కాస్త గట్టిగా చెప్పు వాళ్లకి" అని ఫిర్యాదు చేసేవాళ్లు. మొదట్లో ఉక్రోషం వచ్చేది. పోను పోను సాంబారు సంగతి కూడా కనుక్కుని వచ్చేదాన్ని. నిజంగానే అది నీళ్లనీళ్లగా ఉండేది మరి.

రిటైరయ్యాక, ఈ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తున్నారు. ఏ పదార్థంలో ఏముందో వాళ్లకి నాకంటే బాగా తెలుసు. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకి మొదట ఏ ద్రవాలివ్వాలో, ఎప్పుడు మెత్తటి తిండికి మార్చాలో గడగడా చెప్తారు. కానీ "అన్నం గురించి ఎట్లా చెప్తున్నారు?" అని అడిగితే మాత్రం నీళ్లు నములుతారు. అందుకే ఇది రాస్తున్నాను.

కార్బంటే ఏంది మేడం?

మా పెద్ద డాక్టరుగారు చెయ్యి తిరిగిన సర్జన్. కోత, కుట్టు ఆయన తర్వాతే ఎవరైనా. నోరు మాత్రం చాలా పొదుపు. ఆపరేషన్ అయిన మనిషి దగ్గరకు వచ్చి, కుట్లు చూసి, "లో కార్బ్, హై ప్రోటీన్. మిగతాది డైటీషియన్ చెప్తారు" అని, తలుపు దాకా నడుస్తూనే ఆ రెండో మాట పూర్తి చేసేవారు. ఆ తర్వాత రోగి, రోగి భార్య, రోగి బావమరిది, అందరూ కలిసి నా వైపు తిరిగేవాళ్లు.

"కార్బంటే ఏంది మేడం?"

"పిండిపదార్థం అండీ."

"పిండివంటలు మేం పండక్కే గదా తినేది. అయితే ఇబ్బంది లేదు."

"అన్నం కూడా అందులోకే వస్తుంది."

"అన్నం పిండెట్టయిద్ది?"

"అన్నం, ఇడ్లీ, దోసె, ఉప్మా, చపాతీ, బంగాళదుంప, అటుకులు, బెల్లం, పంచదార..."

ఒకసారి ఈ జాబితా సగంలో ఉండగానే ఒకావిడ లేచి నిలబడి, మంచం మీదున్న భర్త చెప్పులు ముందుకు తోసింది. "లెగయ్యా, ఇంటికి పోదాం. వాళ్లు కోసినా బతికావు గానీ, ఈమె చేతిలో బతకవు."

మన దగ్గర 'అన్నం తిన్నావా' అంటే భోజనం అయిందా అని. పొద్దున ఆరిడ్లీలు, పదింటికి బజ్జీలు తిన్న మనిషి కూడా మధ్యాహ్నం అన్నం ఆలస్యమైతే "పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలా" అంటాడు. అలాంటి మనిషితో అన్నం తగ్గించమంటే, తిండే మానెయ్యమన్నట్టు వినబడుతుంది. కాబట్టి 'వద్దు' అనే మాటతో ఎప్పుడూ మొదలుపెట్టకండి. ఎప్పుడు, ఎంత, దేని తర్వాత అన్నది చెప్పండి. ఈ ముక్క నాకు బాగా తెలిసొచ్చింది ఆదిలక్ష్మమ్మగారి వల్ల.

ఆదిలక్ష్మమ్మగారు

ఆవిడకి అరవైకి దగ్గర వయసు. భర్త కోటేశ్వరరావుగారికి నరసరావుపేటలోనే స్టీలు సామాన్ల కొట్టు. ఆవిడ పని సంబంధాలు కుదర్చడం. దానికి ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు, అదొక సరదా ఆవిడకి. మాచర్ల నుంచి చిలకలూరిపేట దాకా వాళ్ల కులంలో ఏ ఇంట్లో పెళ్లికెదిగిన పిల్లలున్నారో, ఏ గోత్రమో, ఎవరి పెద్దమ్మకి ఎవరితో మాటల్లేవో అన్నీ ఆవిడ నాలుక చివర ఉండేవి.

ఈ పనికి పెట్టుబడి తిండి. వెళ్లిన ప్రతి ఇంట్లోనూ తినాలి. కాఫీ తాగి ఊరుకుంటే ఆ ఇంటి పిల్ల నచ్చలేదని అర్థం. ఒక స్వీటు తింటే ఆలోచిస్తున్నారని, రెండోది అడిగి వేయించుకుంటే ఖాయమైనట్టని. "నేను కుదిర్చిన సంబంధాలన్నీ ఇదిగో, ఇక్కడున్నయ్" అని పొట్ట మీద చెయ్యి వేసుకుని చెప్పేది.

ఆ సంబంధాలన్నీ మోకాళ్ల మీద పడ్డాయి. షుగరు వచ్చింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఒకసారి సత్తెనపల్లిలో పెళ్లికూతురి వాళ్లు మేడ మీద ఉంటే, మెట్లెక్కలేక వీధిలో నిలబడే "అమ్మాయ్, ఒకసారి బాల్కనీలోకి రా" అని కేకేసిందట. పిల్ల వచ్చింది. ఆమెతో పాటు వీధంతా బాల్కనీల్లోకి వచ్చింది. ఆ సంబంధం తప్పిపోయాక ఆదిలక్ష్మమ్మగారు మా ఆసుపత్రికి వచ్చారు.

డాక్టరుగారు పొట్టకి బైపాస్ ఆపరేషన్ చేద్దామన్నారు. నేను ఆవిడకి అర్థమయ్యేలా చెప్పాను. "అక్కయ్యగారూ, పొట్టని కోడిగుడ్డంత సంచి చేసి, పేగుని తిప్పి దానికి కలుపుతారు. కొంచెం తింటేనే నిండుతుంది. తీపి తింటే అది గబుక్కున పేగులోకి జారిపోతుంది. అప్పుడు చెమటలు, గుండెదడ, కడుపులో మెలితిప్పడం, కళ్లు తిరగడం. కాబట్టి తీపి జోలికి వెళ్లకూడదు."

"కోడిగుడ్డు మాటెత్తకు, మేం ముట్టం. నిమ్మకాయంత అను."

"సరే, నిమ్మకాయంత."

"మరి అన్నం?"

"కొన్ని వారాలు పోయాక మెత్తగా, కొంచెంగా. ముందు పప్పు, పెరుగు, పన్నీరు, తర్వాత కూర. చివర్లో అన్నం."

"చివర్లో అన్నమేంది? అన్నమే లేకపోతే కూర ఎందులో కలుపుకోను?" అని చాలా బాధగా అడిగింది. మంచి ప్రశ్నే. నేను చదివిన చదువులో దానికి జవాబు లేదు.

ఇంకో షరతు కూడా పెట్టింది. ఈ ఆపరేషన్ సంగతి ఇంట్లోవాళ్లకి తప్ప పురుగుకి కూడా తెలియకూడదు. "కడుపు కోయించుకున్నదంటే ఏదో పెద్ద రోగమనుకుంటారు. రోగిష్టిది తెచ్చిన సంబంధమని నా సంబంధాలు ముట్టరు."

గొంతులో ఆగిన ముద్ద

ఆపరేషన్ బాగా జరిగింది. బరువు దిగడం మొదలైంది. ఊళ్లో అడిగినవాళ్లకి పొద్దున్నే స్టేడియంలో నడుస్తున్నానని చెప్పింది. ఆ మాట విని ఆవిడ స్నేహితురాళ్లు ఇద్దరు నిజంగానే స్టేడియానికి వెళ్లి, ఆవిడ కనబడక, ఇంకో గేటు వైపు నడుస్తుందేమోనని చుట్టూ తిరిగి తిరిగి వాళ్లు కూడా కాస్త తగ్గారు.

మెత్తటి తిండి దశ నడుస్తుండగా ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆవకాయ జాడీ కనబడింది. పక్కనే భర్త కోసం వండిన అన్నం. ఎప్పటిలాగే గబగబా పెద్ద ముద్ద కలిపి మింగింది. పాత నోరు, కొత్త పొట్ట. ముద్ద గుండెల దగ్గర ఆగిపోయింది. నొప్పి, నోటినిండా నీళ్లు. చివరికి వాంతి అయ్యాక గానీ ఊపిరాడలేదు.

అన్నం ఇలా ఆగుతుంది. వేడిగా మెత్తగా కనిపిస్తుంది గానీ, సరిగ్గా నమలకపోతే ముద్ద ముద్దగానే దిగుతుంది. మెత్తటి రొట్టె కూడా అంతే. మీ రోగులకు ఇది ముందే చెప్పండి. ముద్ద ఉసిరికాయంత ఉండాలి, నోట్లో గుజ్జయ్యేదాకా నమలాలి, తింటూ నీళ్లు తాగకూడదు. ఇవన్నీ ఆదిలక్ష్మమ్మగారికి నేను చెప్పాను. కానీ ఆవకాయ చెప్పింది ఎక్కువ వినబడింది.

దాంతో ఆవిడకి అన్నమంటే భయం పట్టుకుంది. అదే సమయంలో ఎవరో ఫోన్లో ఒక వీడియో పంపారు. అందులో ఒకాయన తెల్లటి అన్నం విషంతో సమానమని బల్ల గుద్ది చెప్పాడు. ఇంకేముంది, అన్నంతో పాటు ఇడ్లీ, జొన్నరొట్టె, పళ్లు కూడా మానేసింది. పన్నీరు, మజ్జిగ, డబ్బాలో ప్రోటీన్ పొడి, అంతే.

నిజాలు చెప్పే రోగం

కొన్నాళ్లకి కోటేశ్వరరావుగారు ఒక్కరే ఆసుపత్రికి వచ్చి నా గది బయట నిలబడ్డారు.

"అమ్మా, ఆవిడకి కాస్త అన్నం పెట్టించండి. నేను బతకాలి."

"ఏమైందండీ?"

"ఇంట్లో అన్నం వండనియ్యడం లా. నేను కొట్లో షట్టరు సగం దించి, గిన్నెల వెనక కూర్చుని క్యారేజీ తింటన్నా. అది సరే, పోనియ్యండి. ఆవిడ నిజాలు చెప్తందమ్మా."

"నిజాలా?"

"పెళ్లిళ్లు కుదిర్చే మనిషి నిజాలు చెప్పచ్చా? మొన్న పెళ్లికొడుకు తండ్రితో, మీవాడు ఇంట్లో కూడా టోపీ ఎందుకు పెట్టుకున్నాడో నాకు తెలుసు, తీసి చూపించమనండి, అన్నది. నిన్న ఇంకో చోట, మీ అమ్మాయికి కాఫీ పెట్టడం రాదు, ఇది పక్కింటావిడ పెట్టింది, అన్నది. రెండు సంబంధాలూ పోయినయ్."

కడుపు మాడిన మనిషికి ఓపిక ఉండదు. మర్యాద కోసం ఆడే చిన్న చిన్న అబద్ధాలకు కూడా కాస్త బలం కావాలి. నేను ఆవిడని పిలిపించాను. మనిషి నీరసంగా ఉంది. లేస్తే కళ్లు తిరుగుతున్నాయి, జుట్టు రాలుతోంది, మలబద్ధకం. విటమిన్ మాత్రలు కూడా మానేసింది. ఎందుకంటే, మాత్రలు వేసుకుంటే ఒళ్లొస్తుందని ఎవరో అన్నారట.

పెద్ద డాక్టరుగారి దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన బరువు చూసి "ఎక్సలెంట్!" అన్నారు.

"ఏం ఎక్సలెంటయ్యా? గోడ పట్టుకుని నడుస్తన్నా" అంది ఆదిలక్ష్మమ్మగారు. నిజాలు చెప్పే రోగం ఇంకా తగ్గలేదు.

నేను కూడా అన్నాను: "సార్, తూకం బాగుంది. మనిషి బాగాలేదు."

డాక్టరుగారికి ఎదురు చెప్పడం మా ఆసుపత్రిలో అలవాటు లేదు. పక్కనున్న నర్సు సెలైన్ సీసా వైపు తిరిగి దాన్నే చదవడం మొదలుపెట్టింది. ఆయన నన్ను చూశారు, ఆవిడని చూశారు. తలుపు వైపు వెళ్లబోయినవారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. అంతకుముందు ఆయన కూర్చోవడం నేను చూడలేదు. "ఏం తింటున్నారమ్మా?" అని అడిగారు. రక్తపరీక్షలు రాశారు, మాత్రలు మళ్లీ మొదలుపెట్టించారు. ఆ రోజు నుంచి రౌండ్లలో ఆ ప్రశ్న అడగడం అలవాటు చేసుకున్నారు. జవాబు పూర్తిగా వినేవారు కాదనుకోండి, కానీ అడిగేవారు. పెద్దవాళ్లతో పనిచేసేటప్పుడు అంత మార్పు వచ్చినా సంతోషించాలి.

రెండో అన్నప్రాశన

అన్నం మళ్లీ మొదలుపెట్టించడానికి నేనే వాళ్లింటికి వెళ్లాను. ఎందుకంటే ఆసుపత్రి గదిలో భయం పోదు. అన్నం ఇంట్లో తినాల్సిన వస్తువు.

కోటేశ్వరరావుగారు కొట్లో ఉన్నవాటిలోకెల్లా చిన్న గిన్నె తెచ్చారు. చంటిపిల్లల అన్నప్రాశనకి కొనుక్కుపోయే గిన్నె అది. ముందు పెసరపప్పు, తర్వాత బీరకాయ కూర తినిపించాను. చివర్లో మెత్తగా ఉడికిన అన్నం, పెరుగుతో కలిపి, రెండు చెంచాలు.

ఆవిడ చెంచా పట్టుకుని చాలాసేపు చూసింది. "ఆగుద్దేమో అమ్మాయ్."

"నమలండి. నేనిక్కడే ఉన్నాను."

నోట్లో పెట్టుకుంది. నమిలింది. కోటేశ్వరరావుగారు, నేను ఆవిడ గొంతు వైపే చూస్తున్నాం. మింగింది.

"దిగిందా?" అన్నారాయన.

"దిగింది."

ఆయన ఇంకేమీ మాట్లాడకుండా లేచి వంటింట్లోకి వెళ్లారు. గిన్నె మూత తీసిన చప్పుడు, గరిటె చప్పుడు వినబడ్డాయి. తన ఇంట్లో తను దర్జాగా అన్నం తింటున్నారు పాపం.

ఇదయ్యాక ఒక మాట చెప్పాలి. దీనికి పూర్తిగా ఎదురుగా వెళ్లేవాళ్లు కూడా ఉంటారు. సుభానీ అని ఒక మెకానిక్, ఇదే ఆపరేషన్ చేయించుకున్నాడు. ముందు బాగా తగ్గి, తర్వాత మళ్లీ పెరగడం మొదలుపెట్టాడు. "అల్లా మీద ఒట్టు మేడం, అన్నం మెతుకు ముట్టలా" అన్నాడు. నిజంగానే ముట్టలేదు. కానీ షెడ్డు పక్కనే టీ బంకు. టీలో ముంచుకుని బిస్కట్లు, మధ్యలో మరమరాల మిక్చరు, సాయంత్రం జంతికలు. ఇవి నోట్లోనే కరిగి సర్రున జారిపోతాయి, పొట్ట నిండినట్టే ఉండదు. ఆగిపోయే అన్నం కంటే జారిపోయే బిస్కట్టు మోసకారి. "అన్నం తిన్నావా?" అని మాత్రమే అడిగితే మీకు ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. "టీతో ఏం తింటావు?" అని అడగండి.

గురజాలలో పెళ్లిచూపులు

ఆదిలక్ష్మమ్మగారికి బలం వచ్చింది. నిజాలు తగ్గాయి. అప్పుడొచ్చింది శ్రావణి సంబంధం.

శ్రావణి కోటేశ్వరరావుగారి చెల్లెలి కూతురు. గురజాలలో జూనియర్ కాలేజీ లెక్చరరు. మాచర్లలో హార్డ్‌వేర్ షాపు వాళ్లబ్బాయి కార్తీక్, ఈ అమ్మాయి గుంటూరులో పరీక్షల కోచింగ్‌లో కలిశారు. ఒకళ్లంటే ఒకళ్లకి ఇష్టం. చిక్కల్లా రెండు కుటుంబాలకీ ఎప్పటినుంచో మాటల్లేవు. ఏదో పెళ్లిలో భోజనాల దగ్గర అబ్బాయి వాళ్ల మామ్మగారి విస్తట్లో అప్పడం వెయ్యలేదట. పిలిచినా వినబడనట్టు వడ్డించే మనిషి వెళ్లిపోయాడట. అతను శ్రావణి వాళ్ల తరఫు మనిషి. అంతే. రెండిళ్లకీ రాకపోకలున్న మనిషి ఆదిలక్ష్మమ్మగారు ఒక్కరే. ఆవిడ కుదర్చకపోతే ఇక ఎవరూ కుదర్చలేరు. శ్రావణి ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చిందట.

పెళ్లిచూపులకి ముందు ఆవిడ నాకు ఫోన్ చేసింది. "అమ్మాయ్, నువ్వూ రావాలి. నా పక్కన కూర్చో. స్వీటు దగ్గరకి చెయ్యి పోతే కొట్టు."

"అక్కడ వాళ్లందరి ముందూ కొడితే బాగుంటుందా?"

"అయితే గిల్లు."

అలా వెళ్లాను. శ్రావణి వాళ్లింట్లో హాలు నిండా కుర్చీలు. మాచర్ల నుంచి అబ్బాయి, తల్లిదండ్రులు, మామ్మగారు వచ్చారు. మామ్మగారు భారీ మనిషి. సోఫాలో ఆవిడ కూర్చున్నాక పక్కన ఇంకొకళ్లకి చోటు లేదు. అన్నిటికీ ఆవిడ ముఖమే చూస్తున్నారు వాళ్లు.

లడ్డూలు వచ్చాయి. నేతి వాసన హాలంతా కమ్మింది. మామ్మగారు పళ్లెం ముట్టుకోలేదు. ఆదిలక్ష్మమ్మగారినే చూస్తోంది.

"ఆదిలక్ష్మీ, నువ్వు తినవేందే?"

"నేను ఇందాకే తిన్నా పెద్దమ్మా."

"నువ్వా? ఇందాక తింటే ఇప్పుడు తినని మనిషివా నువ్వు? రాయబారం తెచ్చినదానివి నువ్వే ముట్టకపోతే మేమెట్టా ముట్టేది? ఈ ఇంటి తిండి మీద నీకు నమ్మకం లేదా, లేకపోతే ఈ సంబంధం మీదా?"

తలుపు పక్కన శ్రావణి మొహం పాలిపోయింది. నేను ఆదిలక్ష్మమ్మగారి మోచెయ్యి గట్టిగా గిల్లాను. ఆవిడ ఒక్కసారి నా వైపు చూసి, లడ్డూ తీసుకుంది. చిదిపి కొంచెం తినొచ్చు. ఆవిడ అలా చెయ్యలేదు. పాత రోజుల్లోలాగా మొత్తం తినేసి, దాని మీద పంచదార కాఫీ తాగి, "బాగుంది" అంది. మామ్మగారు అప్పుడు లడ్డూ విరిచారు. అందరూ తినడం మొదలుపెట్టారు. మాటలు కలిశాయి.

కాసేపటికి ఆదిలక్ష్మమ్మగారి నుదుటి మీద చెమట పట్టింది. పెదాలు తెల్లబడ్డాయి. నా చెయ్యి పట్టుకుంటే ఆవిడ చెయ్యి మంచుగడ్డలా ఉంది. "అమ్మాయ్, గుండె కొట్టుకుంటంది" అని గొణిగి, లేచి, ఒక చేత్తో కడుపు పట్టుకుని లోపలికి పరుగెత్తింది.

నేను వెనకే వెళ్లాను. శ్రావణి గదిలో పడుకోబెట్టాను. బ్యాగులో ఉన్న మిషనుతో షుగరు చూశాను, పడిపోలేదు. "ఇది తీపి చేసిన పని. కాసేపట్లో సర్దుకుంటుంది. కదలకుండా పడుకోండి" అన్నాను.

హాల్లో మాత్రం సర్దుకోలేదు. నేను బయటికి వచ్చేసరికి పళ్లేలు కింద పెట్టేశారు.

"లడ్డూల్లో ఏం కలిపారు?" అంటోంది పెళ్లికొడుకు తల్లి.

"ఏం కలుపుతాం వదినా? మేమూ అదే తిన్నాం" అంటోంది శ్రావణి తల్లి, ఏడుపు గొంతుతో.

మామ్మగారు నన్ను పట్టుకుంది. "నువ్వెవరమ్మాయ్?"

"ఆదిలక్ష్మమ్మగారి స్నేహితురాలినండీ."

"ఏమైంది దానికి?"

"గ్యాస్ అండీ."

"గ్యాసుకి అంత చెమటా? నా దగ్గర అబద్ధాలు చెప్పకు. అది లడ్డూ తినేటప్పుడు దాని మొహం చూశా. ఏదో దాస్తంది. పిల్లకేమన్నా జబ్బుందా?"

నేను నోరు మూసుకున్నాను. ఆపరేషన్ అని ఒక్క మాట చెప్తే అంతా తేలిపోతుంది. కానీ అది చెప్పే హక్కు నాకు లేదు. రోగి ఒళ్లు రోగిది, దాని సంగతి కూడా రోగిదే. మన నోటి నుంచి అది జారిందంటే, మళ్లీ ఏ మనిషీ మన ముందు నిజం చెప్పడు. కొత్తగా చేరిన పిల్లలకి ఇది చెప్పడం తేలిక. ఒక పెళ్లి చెడిపోతుంటే చూస్తూ నిలబడటం కష్టం. నిలబడండి.

"పదండ్రా. అపశకునం" అని మామ్మగారు లేవబోయింది. లేవడానికి ఆవిడకి కొంత సమయం పట్టింది. ఆ సమయమే కాపాడింది. ఆదిలక్ష్మమ్మగారు గోడ పట్టుకుని హాల్లోకి వచ్చింది. జుట్టు చెదిరింది, చీర నలిగింది.

"కూర్చో పెద్దమ్మా. పిల్లకేం లేదు. జబ్బు నాకు. కాదు, జబ్బు కాదు, ఆపరేషను. నా పొట్ట కోసి నిమ్మకాయంత చేశారు. నేను స్టేడియంలో నడిచి తగ్గలా, ఆపరేషనుతో తగ్గా. నేను తీపి తినకూడదు. నువ్వు అన్న మాటకి తిన్నా. ఈ పిల్ల కోసం తిన్నా. ఇదిగో, ఈమె మా ఆసుపత్రి మేడం. తినొద్దని గిల్లింది కూడా." చెయ్యి చాపి చూపించింది. మోచెయ్యి దగ్గర నిజంగానే ఎర్రగా కందింది.

మామ్మగారు నా వైపు, ఆ గిల్లిన చోటు వైపు, ఆదిలక్ష్మమ్మగారి వైపు మార్చి మార్చి చూసింది.

"అయితే ఆ ఆపరేషను చేయించుకుంటే మోకాళ్ల నొప్పులు తగ్గుతయ్యా?"

"చానా తగ్గినయ్ పెద్దమ్మా. ఇప్పుడు మెట్లెక్కుతన్నా."

"అన్నం?"

"తింటన్నా. కొంచెం. చివర్లో."

మామ్మగారు మళ్లీ సోఫాలో కూలబడింది. "ఒరేయ్, కడుపులో ఉన్న సంగతే బయటపెట్టేసిందిరా ఇది. ఇంక సంబంధంలో దాచేదేముంటది?" అని కొడుకుతో అంది. తర్వాత శ్రావణి తల్లి వైపు తిరిగి, చాలా గంభీరంగా, "పెళ్లిలో అప్పడాలు మాత్రం మర్చిపోకమ్మా" అంది.

శ్రావణి నవ్వును చెంగుతో అడ్డుకుంటూ లోపలికి పరుగెత్తింది.

తిరుగుప్రయాణంలో నేను ఆదిలక్ష్మమ్మగారిని గట్టిగానే కోప్పడ్డాను. అలాంటి పని మళ్లీ చేస్తే నేను మాట్లాడనని చెప్పాను. ఆవిడ కిటికీకి తల ఆనించి అంతా విని, "అది కాదమ్మాయ్, లడ్డూ మాత్రం అంత రుచిగా లా. ఇన్నాళ్లూ ఇవి ఎట్టా తిన్నానో" అంది. తనకు తానుగా తెలుసుకున్న ఆ ఒక్క ముక్క, నేను ఇన్నాళ్లుగా చెప్పినదాని కంటే గట్టిగా నిలిచింది. అప్పటినుంచి ఏ ఇంటికి వెళ్లినా ముందే చెప్పేస్తోంది: "నాకు ఆపరేషనయింది, తీపి పెట్టకండి, మజ్జిగ ఇయ్యండి." సంబంధాలేమీ తగ్గలేదు. పైగా, ఆ మనిషి ఏదీ దాచదని పేరొచ్చింది. అబద్ధాలాడేటప్పుడు రాని పేరు అది.

బంతిలో

పెళ్లికి నన్నూ పిలిచారు. మధ్యాహ్నం భోజనాల బంతిలో ఆదిలక్ష్మమ్మగారు నా పక్క కుర్చీలో కూర్చుంది. మన పెళ్లిభోజనాలు మీకు తెలుసు కదా. తినేవాళ్ల ప్రతి కుర్చీ వెనకా ఒక మనిషి నిలబడి, మనం ఎప్పుడు లేస్తామా అని మన విస్తట్లోకే చూస్తుంటాడు. అలాంటిచోట నిదానంగా తినడానికి గుండెధైర్యం కావాలి.

అప్పడాలు వచ్చాయి. ఒకటి కాదు, ప్రతి విస్తట్లో రెండేసి. ఆదిలక్ష్మమ్మగారు ముందు పప్పు తిన్నది. తర్వాత కూర. బూరెలు వేయబోతే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది. వడ్డించేవాడు అన్నం కుప్ప పొయ్యబోతే, "ఇక్కడ, ఇంతే" అని వేలితో చోటు చూపించింది. పప్పు కలిపి, ఉసిరికాయంత ముద్ద చేసి, నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టింది.

మా వరుసలో అందరూ పెరుగన్నం కానిచ్చి లేస్తున్నారు. ఆవిడ వెనక ఒక అమ్మాయి, పట్టుచీర, చంకలో పిల్ల, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మారుస్తూ నిలబడింది. ఆదిలక్ష్మమ్మగారు రెండో ముద్ద కలిపింది. ఆ అమ్మాయి దగ్గింది. ఆదిలక్ష్మమ్మగారు నమిలింది. అమ్మాయి కుర్చీ వీపు మీద చెయ్యి వేసింది.

"పిన్నీ, అయిందా? ఇంకా ఎంతసేపు?"

ఆదిలక్ష్మమ్మగారు నోట్లో ముద్ద పూర్తిగా దిగేదాకా ఆగింది. అప్పుడు వెనక్కి తిరిగి, ఎంతో ప్రేమగా, కానీ కుర్చీలోంచి ఒక్క అంగుళం కూడా కదలకుండా చెప్పింది:

"కాసేపు ఆగు తల్లీ. నేను అన్నం తింటన్నా."